గుర్రం పట్టుకోమన్న రోజు

"ఒరే క్వాకో, నేను చదవడం అయ్యేదాకా గుర్రాన్ని పట్టుకుని ఇక్కడే ఉండు," అన్నాడు మా దొర.

న్యూజెర్సీలోని మా ఊళ్లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చదివిన రోజది. దొర కోర్టు మెట్లెక్కి, మనుషులంతా సమానంగానే పుట్టారన్నాడు. జనం టోపీలు ఎగరేశారు. నేనూ ఎగరేద్దును గానీ, చేతిలో దొర గుర్రముంది.

తర్వాత దొర, ఇంగ్లండు రాజు చేసిన నేరాల చిట్టా విప్పాడు. నన్ను కొన్నప్పుడు కూడా అంత పొడుగు కాగితం రాయలేదు.

"ఇంత బాధపెట్టేవాణ్ణి వదిలించుకోవడం మన హక్కు! మన ధర్మం!" అని అరుస్తూ నా వైపు చూశాడు. గుర్రం ఉందో లేదో చూసుకున్నాడంతే.

ఏడో నేరం దగ్గర గుర్రమెక్కాను. ఇరవై ఏడు నేరాలూ అయి, పదమూడు కాలనీల పేరున పదమూడు గ్లాసుల రమ్ము తాగి దొర మెట్లు దిగేసరికి, గుర్రం రేవులో ఉంది, నేను పడవలో ఉన్నాను.

అవతలి ఒడ్డున దిగింది ఆ రాజుగారి సైన్యమే. ఎర్రకోటు కాపలావాడు నాకు తుపాకీ గురిపెట్టాడు.

"ఎవడ్రా నువ్వు? పారిపోయి రమ్మని నీకెవడు చెప్పాడు?"

"మా దొరే బాబూ. ఊరంతా వినేలా, చదివి మరీ చెప్పాడు."