దుమ్ము పడని ఫోటో

"ఆంటీ, ఈ గాలిలో కెమెరా బయటికి తీస్తే అంతే సంగతులు," అన్నాడు మెల్విన్, బ్యాగును పొట్టకు హత్తుకుని.

విక్టోరియాకు ఒళ్ళు మండింది. పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో ఈస్టర్ క్యాంపుకని ఆస్ట్రేలియాలో పెర్త్‌లోని తెలుగు ప్రార్థన కూటం వాళ్ళంతా రోజంతా కార్లు నడుపుకుంటూ కల్గూర్లీ ఊరు దాటి ఈ ఎర్రనేలకు వచ్చారు. అందరూ దేవుడి కోసం వచ్చారు. ఆవిడ మాత్రం, దేవుడు క్షమించాలి, కూతురి ఫోటో కోసం వచ్చింది.

మెల్బోర్న్‌లో శాంతిగారి అబ్బాయి డెంటిస్టు. మంచి సంబంధం. ముందు ఫోటో పంపమన్నారు. షీనాకు ఫోటో అంటే చాలు, మొహం బిగుసుకుపోతుంది. స్టూడియోలో తీయించినది చూసి ఇప్పటికే రెండు సంబంధాలవాళ్ళు "అమ్మాయికి పెళ్ళి ఇష్టం లేదేమో" అంటూ తప్పుకున్నారు. ఇది కూడా చెయ్యిజారితే? భర్త పోయాక నైట్ డ్యూటీలు చేసి ఒంటిచేత్తో పెంచుకున్న పిల్ల. తన తర్వాత ఈ దేశంలో దానికి ఎవరున్నారన్న దిగులు ఆవిణ్ణి నిద్రపోనివ్వడం లేదు. ఆరుబయట, నలుగురి మధ్య అయినా కాస్త నవ్వుతుందేమోనని ఆశ.

"మరి ఏం చెయ్యమంటావు?"

"గాలి తగ్గనివ్వండి ఆంటీ. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా ఫిల్మ్ రోలంతా గీతలే."

మెల్విన్ కాకినాడ కుర్రాడు. పెర్త్‌లో యూనివర్సిటీ చదువు ముగించి ఫోటోలు కడిగే ల్యాబులో చేరాడు. కెమెరా సెకండ్ హ్యాండుదే అయినా దానికి అతను చేసే మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. లెన్సుకు ఒక గాజు ఫిల్టరు, ఆపైన మూత. కెమెరాకు మోటెల్లో ఇచ్చిన షవర్ క్యాపు. దాని మీద లెన్సు మేరకు కన్నం పెట్టిన ప్లాస్టిక్ సంచి, రబ్బరు బ్యాండ్లు. అన్నిటి మీదా మళ్ళీ తువ్వాలు.

మధ్యాహ్నం గాలి తగ్గింది. ఈసారి రోలు మార్చాలన్నాడు. బయట మార్చకూడదట.

"మా కార్లో కూర్చుని అద్దాలెత్తుకో," అంది విక్టోరియా. "షీనా, నువ్వెళ్ళి తువ్వాలు పట్టుకో."

"మమ్, ఇట్స్ బాయిలింగ్ ఇన్ దేర్!"

"కాసేపటికి కరిగిపోవులే, వెళ్ళు."

చాలాసేపటికి ఇద్దరూ చెమటలు కక్కుతూ దిగారు.

"రోలు సరిగ్గా ఎక్కిందా?"

"ఎక్కింది ఆంటీ. రెండుసార్లు చూశాం."

అంతలో మళ్ళీ గాలి లేచింది. తువ్వాలు మళ్ళీ కప్పాడు. విక్టోరియా ఇక ఆపుకోలేకపోయింది.

"ఎప్పుడు చూసినా కప్పడమేనా? కప్పి ఉంచితే ఫోటో ఎలా వస్తుందయ్యా?"

అనేశాక తన మాటే తనకు గుచ్చుకుంది. షీనాను తను పెంచింది మాత్రం ఎలా? పార్టీలొద్దు, బీచ్ వద్దు, స్నేహితుల ఇళ్ళలో పడుకోవద్దు. పిల్లకు ఏమీ కాకూడదనే అదంతా. ఏమీ కాలేదు కూడా. కానీ పిల్ల గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆ తల్లికి గుర్తు రాలేదు.

సాయంత్రం ఎండ మెత్తబడ్డాక మెల్విన్ ఒక్కొక్క పొరా విప్పాడు.

"నవ్వవే!" అంది విక్టోరియా. షీనా మొహం టక్కున బిగుసుకుంది.

"ఆంటీ, మీరొకసారి నా వెనక్కి రండి. అటు తిరిగి గాలికి అడ్డంగా ఈ గొడుగు పట్టుకోండి. ఏం జరిగినా కదలకండి, దుమ్మొచ్చేస్తుంది."

చెప్పినట్టే ఆవిడ వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది. గొడుగును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కటి బాగా రానివ్వు ప్రభువా అని ప్రార్థించింది. వెనకాల ఏవో గుసగుసలు, ఆగి ఆగి క్లిక్ శబ్దాలు. గ్రూప్ ఫోటోకు కూడా మిగల్చకుండా రోలంతా షీనాకే ఖర్చుపెట్టాడు. కుర్రాడు విసిగించినా మనసు మంచిదనుకుంది.

ఫోటో చేతికొచ్చిన రోజు విక్టోరియా ఏడ్చేసింది. షీనా నవ్వుతోంది. కళ్ళతో సహా నవ్వుతోంది. వాళ్ళ నాన్న ఉన్నప్పటి నవ్వు అది. ఎంత వెతికినా ఒక్క దుమ్ము చుక్క లేదు. ఆ రోజే పోస్టు చేసి, శాంతిగారికి ఫోన్ కూడా చేసింది.

"మా కూటంలో కుర్రాడే తీశాడండీ. చూసి చెప్పండి."

వారం తిరిగేసరికి శాంతిగారే ఫోన్ చేశారు.

"ఏమనుకోకండి విక్టోరియాగారూ, ఈ సంబంధం వద్దనుకుంటున్నాం."

"ఫోటో బాగా రాలేదా అండీ?"

"అయ్యో, ఎంత బాగుందో! ఆ చూపు, ఆ నవ్వు... అందుకే వద్దంటున్నా."

"అదేమిటండీ?"

అవతల శాంతిగారు మెల్లగా అడిగారు.

"ఆ ఫోటో తీసిన అబ్బాయికి పెళ్ళయిందా?"