పలికిన పేరు

"మీలో ఒక్కరు కోర్టులో నిలబడితే చాలు," అంది లాయరు జ్యోతిర్మయి.

వలల షెడ్డులో కూర్చున్న ఆడవాళ్ళంతా ఇసుకకేసి చూస్తున్నారు.

ఎయిడ్స్ రోగులకు మందులిచ్చే సంస్థ ఒకటి తన పాత కంప్యూటర్ అమ్మేసింది. అందులోని పేర్లు చెరిపెయ్యడం మరిచిపోయింది. కొన్నవాళ్ళు వాటిని చూశారు. పేర్లు, వయసులు, వీధులు అచ్చయి ఊరంతా తిరిగాయి.

కాసులమ్మ పేరు కూడా అందులో ఉంది. అప్పటి నుంచి ఆమె చేపల తట్ట నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగొస్తోంది.

"మీ జబ్బు సంగతి బయటపెట్టే హక్కు ఎవరికీ లేదు. సంస్థను నష్టపరిహారం అడగొచ్చు. ఆ కాగితాలు ఇంకెవరూ పంచకుండా కోర్టుతో ఆపించొచ్చు."

"కోర్టులో పేరెట్టి పిలుత్తారా?" కాసులమ్మ అడిగింది.

"వరండాలో బంట్రోతు పిలుస్తాడు. పేరు దాచమని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను."

"సదివినోల్లు సాల్నేదా ప్లీడరమ్మా, ఇంక ఇనీవోల్లు కూడానా?"

ఒకరిద్దరు నవ్వారు. మళ్ళీ అందరూ ఇసుకకేసి చూశారు.

"నా పేరు రాయమ్మా."

వెనక కూర్చున్న కొత్త మనిషి లేచి నిలబడింది. "పైడితల్లి. మాది గాజువాక."

సంస్థ ఇచ్చిన మందుల కార్డు కొంగుముడిలోంచి తీసి ఇచ్చింది.

"కాయితంలో ముప్పయ్యేల్లని ఉంది," పక్కనే కూర్చున్న గంగాభవాని కాసులమ్మ చెవిలో గొణిగింది. "ఆ నెత్తి సూడు, ఎలా నెరిసిపోనాదో."

"జబ్బు తినేసినాది," అంటూ కాసులమ్మ కాస్త అవతలికి జరిగింది.

తనదీ అదే జబ్బని ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు.

పేరు దాచడానికి కోర్టు ఒప్పుకోలేదు.

వాయిదా ఉన్న రోజు బంట్రోతు వరండాలోకి వచ్చి కేకేసేవాడు. "పైడితల్లీ!"

"ఉన్నాను బాబూ."

జనం తిరిగి చూసేవారు. ఆమె తల దించేది కాదు.

కాసులమ్మ ఇప్పుడు కోర్టు వెనక సందులో చేపలమ్ముతోంది. అక్కడ తననెవరూ ఎరగరు. వాయిదా అయ్యాక పైడితల్లి ఆమె తట్ట ముందు ఆగేది.

"కానాగంత సేపలు ఎలాగిత్తన్నావమ్మీ?"

"నాకంటే సిన్నదానివి, నన్ను అమ్మీ అంటావేటి?"

ఆమె తడబడింది. "నోరు అలవాటు పడిపోనాది. ఏసియ్యి."

ఒకరోజు పైడితల్లి చేపలు ఎంచుతుండగా, బేరానికొచ్చిన ఇంకొకావిడ కాసులమ్మను పరీక్షగా చూసింది. "నీ పేరూ ఆ కాగితంలో ఉందట కదా?"

కాసులమ్మ పైడితల్లి వైపు వేలు చూపింది.

"నాను కాదమ్మా. ఆ కాయితంలో మనిషి అదిగో, పైడితల్లి. నా తట్ట ముట్టుకోవద్దని సెప్తానే ఉన్నాను."

పైడితల్లి చేతిలోని చేపను మెల్లగా తట్టలో పెట్టింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ సందులోకి రాలేదు.

కాసులమ్మ తట్ట రోజూ ఖాళీ అవుతోంది.

కొన్నాళ్ళకు లాయరు వెతుక్కుంటూ వచ్చింది.

"పైడితల్లి ఇవాళ వాయిదాకి రాలేదు. రేపు కూడా పలక్కపోతే కేసు కొట్టేస్తారు. ఆమె బదులు నువ్వు నిలబడతావా? కేసు నీ పేరు మీదికి మార్చమని అడుగుతాను."

"ఇప్పుడిప్పుడే నా సేపలు కొంతన్నారు, ప్లీడరమ్మా."

లాయరు ఫైలు సంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కాసులమ్మ తట్టతో కోర్టు గేటు దగ్గరే నిలబడింది. బంట్రోతు పైడితల్లిని మూడుసార్లు పిలిచాడు. వరండాలో ఎవరూ పలకలేదు. కాసులమ్మ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

కేసు కొట్టేశారు.

అంతదాకా వచ్చి మధ్యలో వదిలేసిందేమిటని కాసులమ్మకు కోపమొచ్చింది. గట్టిగా అడిగేద్దామని గాజువాక బస్సెక్కింది.

ఆటోనగర్ వెనక వీధిలో తాళం వేసిన ఇల్లు చూపించారు. పక్కింటి ఆవిడ గుమ్మంలో గిన్నెలు తోముతోంది.

"పైడితల్లి ఏదమ్మా?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "పైడితల్లా? ఆ కాయితం ఈదిలోకొచ్చిన వారానికే నూతిలో పడి పోనాది కదమ్మా."

"మరి కోర్టులో పలికినాది?"

"ఆల్లమ్మ, సన్యాసమ్మ. సచ్చిపోయినోల్ల తరపున ఈ కేసు నడవదని ఎవులో సెప్పినారంట, అందుకని కూతురు బతికున్నట్టే ఆ పేరుకి తనే పలికీది, మొన్న ఆదివారం గుండాగిపోయీదాకా."