పెనాల్టీ బాక్స్ వెనక సీటు

అక్టోబర్ పదకొండు, శుక్రవారం. ఆ సాయంత్రం రాధాకృష్ణ పెరుగన్నంలో మాగాయ నంచుకుని తిన్నాడు. భార్య నళిని పోయాక కూడా చెయ్యి ఇద్దరికి సరిపడా బియ్యమే పోస్తోంది. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి, తానుండే అరోరా నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ, జీవితంలో మొదటిసారి ఐస్ హాకీ చూడటానికి వెళ్లాడు.

కాలేజీ రింక్ అది, మంచు పలక పరిచిన ఆటస్థలం. కౌంటర్‌లో అమ్మాయి మధ్య వరసలో మంచి సీటు ఉందంది. ఆయన వద్దన్నాడు. పెనాల్టీ బాక్స్ వెనక సీటు అడిగి తీసుకున్నాడు. సీజన్ మొత్తానికి.

పక్క సీట్లో లోకేష్. ఆ కాలేజీలోనే ఎమ్మెస్ చేస్తున్న ఖమ్మం కుర్రాడు. స్టూడెంట్లకి టికెట్ ఫ్రీ అని వచ్చాడు.

"ఇక్కడ కూర్చున్నరేంది అంకుల్? తప్పు చేసినోళ్లని రెండు నిమిషాలు కూసోబెట్టే డబ్బా ఇది. వీళ్ల వీపులు తప్ప ఏం కనబడదు."

"రెండు నిమిషాలయ్యాక తలుపు తీస్తారు కదా బాబూ?"

"తీస్తరు."

"అది చూద్దామని."

ఆయన ఎవరి కోసం వచ్చాడో లోకేష్‌కి ఆ రోజే తెలిసిపోయింది. పదిహేడో నంబర్ జెర్సీ, ఓవెన్. రెండో ఏడు చదువుతున్న పిల్లాడు. ఎవరినో కర్రతో అడ్డుకుని బాక్స్‌లోకి వచ్చాడు. కూర్చోబోతూ వెనక్కి తిరిగాడు. గాజుకి ఇవతల రాధాకృష్ణను చూశాడు. మొహం పాలిపోయింది. టైమ్ అయి తలుపు తీసినా లేవలేదు. తలుపు తీసినాయన భుజం తట్టాల్సి వచ్చింది.

"మిమ్మల్ని గుర్తుపట్టిండు అంకుల్! మీ స్టూడెంటా?"

"కాదు. మా ఆవిడ తరఫున పరిచయం."

నవంబర్ అంతా ఓవెన్ ఆట పాడైపోయింది. కాళ్ల దగ్గరికి జారి వచ్చిన పక్‌ని, ఆ నల్ల రబ్బరు బిళ్లని కూడా వదిలేసేవాడు. కోచ్ బెంచ్ మీద కూర్చోబెట్టాడు. హాకీ మానేస్తాడట అని లోకేష్ వార్త తెచ్చాడు. ఆ రాత్రి మ్యాచ్ అయ్యాక ఓవెన్ తనే గాజు దగ్గరికి వచ్చాడు.

"మీరు రావద్దు సర్. ప్లీజ్."

"ఆట మానేస్తావా?"

పిల్లాడు తల దించుకున్నాడు.

"నువ్వు ఆడినన్నాళ్లూ నేను వస్తాను," అన్నాడు రాధాకృష్ణ.

కాస్త అవతల నిలబడి వింటున్న లోకేష్ నవ్వాడు. "ఫ్యాన్‌ని రావద్దనే ప్లేయర్‌ని ఫస్ట్ టైమ్ చూస్తున్న అంకుల్. మీరు కొన్న ఆ పదిహేడో నంబర్ జెర్సీ రిటర్న్ ఇచ్చెయ్యండి."

రాధాకృష్ణ ఇవ్వలేదు. టీమ్ గెలవాలని కూడా ఆయనకి పెద్ద పట్టింపు లేదు. సీజన్ చివరిదాకా ఆ పిల్లాడు మంచు మీద నిలబడితే చాలు. డిసెంబర్‌లో ఒకరోజు హాట్‌డాగ్ కౌంటర్‌లో ఉప్పు ప్యాకెట్లు అడిగి తెచ్చి, పదిహేడో నంబర్ వైపు మూడుసార్లు తిప్పి చెత్తడబ్బాలో వేశాడు.

"దిష్టి తీస్తున్నరా? ఇంత చెత్తగా ఆడేటోనికి ఎవల దిష్టి తగుల్తది అంకుల్?"

వెనక వరసలో కూర్చునే ముసలావిడ ఏమీ అడగకుండా కింద జారిపడిన ఉప్పు ప్యాకెట్ ఒకటి ఏరి ఆయన చేతిలో పెట్టింది.

జనవరిలో ఓవెన్ మళ్లీ బాక్స్‌లోకి వచ్చాడు. ఈసారి వెనక్కి తిరిగి ఆయన కళ్లలోకి చూశాడు. రాధాకృష్ణ వేలితో తలుపు చూపించాడు. తలుపు తీయగానే పిల్లాడు బాణంలా దూసుకుపోయాడు. గోల్ కొట్టాడు. లోకేష్ ఎగిరి అరిచాడు. రాధాకృష్ణ కూర్చునే ఉన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఫిబ్రవరి మొదట్లో ఆయన ఒక మ్యాచ్‌కి వెళ్లలేదు. తిథి ప్రకారం నళిని సంవత్సరికం అప్పుడు వచ్చింది. తర్వాతి మ్యాచ్‌కి వెళ్తే ఓవెన్ లేడు. ఒంట్లో బాగాలేదన్నాడట.

"మొన్న మీరు డుమ్మా, ఇయ్యాల వాడు డుమ్మా. ఇద్దరూ మాట్లాడుకున్నరా ఏంది?"

రాధాకృష్ణ ఫోన్‌లో ఇంగ్లీషు తేదీ చూసుకున్నాడు.

మార్చిలో టీమ్ ప్లే-ఆఫ్‌కి చేరింది. మ్యాచ్ అరోరాకి దగ్గర్లోనే. ఓవర్‌టైమ్‌లో ఒక్క గోల్‌తో ఓడిపోయారు. అంతే, సీజన్ అయిపోయింది. బయట మంచు తెరలు తెరలుగా పడుతోంది. టీమ్ బస్సు ఉదయానికి గానీ కదలదన్నారు. ఒక్కొక్కరినీ ఇళ్లవాళ్లు వచ్చి తీసుకెళ్లారు. మిన్నెసోటా నుంచి రావలసిన ఓవెన్ తల్లి ఫ్లైట్ క్యాన్సిలైంది. పిల్లాడు గోడవారగా బ్యాగ్ మీద కూర్చున్నాడు.

"ఇల్లు దగ్గరే. రా," అన్నాడు రాధాకృష్ణ.

"మీ ఇంటికా సర్? నేనా?"

"చలిగా ఉంది. లే."

పప్పు వేడి చేసి పెట్టాడు. అన్నం ఎలాగూ ఇద్దరికి సరిపడా ఉంది. దండ వేసిన నళిని ఫొటోకి ఎదురుగా కూర్చుని ఓవెన్ రెండు చెంచాలు తిన్నాడు. మూడో చెంచా నోటిదాకా వెళ్లలేదు. భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. రాధాకృష్ణ ఆపమనలేదు. మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపాడు.

చాలాసేపటికి అడిగాడు. "వచ్చే ఏడు ఆడతావా?"

"మీరు ఆడమంటే..."

"నేననడం కాదు."

"ఆడతాను సర్."

రాధాకృష్ణ తలూపాడు. నళిని కప్పుకునే దుప్పటి తీసి గెస్ట్ రూమ్‌లో పక్క వేశాడు. గిన్నెలు కడిగి వచ్చి చూసేసరికి పిల్లాడు నిద్రపోయాడు.

కిందటేడు ఫిబ్రవరిలో, గడ్డకట్టిన రోడ్డు మీద బ్రేకులు పట్టక జారిపోయి, దారి దాటుతున్న నళినిని గుద్దిన కారు స్టీరింగ్ పట్టుకున్న ఆ రెండు చేతులూ ఇప్పుడు ఆమె దుప్పటి మీదే వదులుగా పడి ఉండటం చూసి, రాధాకృష్ణ చప్పుడు కాకుండా తలుపు మూశాడు.