పలకని విరహం

“బామ్మగారూ, మీరు చదువుతున్నది నవలండీ, కరెంటు బిల్లు కాదు.”

అద్దానికి ఇవతల నుంచి మైకులో అంది సౌండ్ ఇంజనీరమ్మాయి.

అవతల గదిలో, చెవుల మీంచి జారిపోతున్న హెడ్‌ఫోన్లని ఒక చేత్తో పట్టుకుని, ముసలావిడ తలెత్తింది.

పాత నవలని ఆడియో పుస్తకంగా తెస్తున్నారు. ప్రేమించిన పిల్ల కాదని వెళ్ళిపోతే, కోట్లు గడించి, ఆమె కోసం మేడ కట్టి, కిటికీ దగ్గరే ఎదురుచూసే మనిషి కథ. ఇంటిల్లిపాదీ చదివి ఏడ్చిన పుస్తకం. రాసినాయన పోయి చాలా ఏళ్ళయింది.

గొంతులు కావాలన్న ప్రకటన చూసి వచ్చింది ఆవిడ.

“ఎలా చదవమంటావమ్మా?”

“కాస్త ఏడుపు తగలాలి. అతని గుండె పగిలిపోయింది కదా!”

“ఏడవలేదమ్మా. నిమ్మళంగానే చెప్పాడు.”

“ఎవరు, హీరోనా? మీకేమైనా ఫోన్ చేశాడా?”

ఆవిడా నవ్వేసింది.

“ఒక్క మాట. ఆ మేడలో అతనికి అన్నం ఎవరు పెట్టేవారంటావ్?”

“కోటీశ్వరుడండీ బాబూ! వంటవాళ్ళుంటారు. అయినా కథకి అదెందుకు?”

“అదీ నిజమేలే.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

“ఈ ఒక్క అధ్యాయం నన్ను చదవనివ్వమ్మా. డబ్బులేమీ వద్దు. నా గొంతుతో ఒక్కసారి బయటికి రావాలి, అంతే.”

మళ్ళీ చదివింది. అదే చదువు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కిటికీ దగ్గర అతను ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచే చోట మాత్రం ఆగి, గుక్క తిప్పుకుంది.

“సారీ బామ్మగారూ. విరహం పలకట్లేదు.”

“పలకదులే.”

హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రికార్డింగు చెరిపేసి, ఇంకొకర్ని పిలవబోతుంటే డైరెక్టరు ఆయాసపడుతూ వచ్చాడు.

“ఆవిడ బస్సెక్కుతూ కనిపించారు. పరిగెత్తినా అందుకోలేకపోయాను. మన దగ్గరికేనా వచ్చింది?”

“ఆ బామ్మగారా? అవును సార్, చదవడానికి. ఫీల్ లేదు, డిలీట్ కొట్టేశా.”

డైరెక్టరు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

“ఏంటి సార్, మీ చుట్టమా?”

“ఈ నవల నాటికి రచయితకి చూపు పోయింది. ‘నాకు దక్కని ఆమెకి’ అన్న అంకితంతో సహా, ఆయన చెబుతుంటే ప్రతి అక్షరం రాసిందావిడే... ఆయన భార్య.”