పడని స్విచ్చు

"మీ ఇంట్లో ట్రిప్ స్విచ్ పడుతోందా అమ్మా?"

గేటు బయట నిలబడి అడిగింది ఆ ముసలావిడ. నెరిసిన జుట్టు, చంకన గుడ్డ సంచి.

ఇల్లాలు బట్టలు ఆరేస్తూ నవ్వింది. "పడేది. ఇప్పుడు మానేసింది."

రోగం తగ్గిందంటే ఎవరైనా సంతోషిస్తారు. ఆవిడ ముఖం మాత్రం పాలిపోయింది.

"కరెంటు మేస్త్రీ వచ్చి ఇన్వర్టర్ దగ్గర ఆకుపచ్చ వైరు ముక్క పీకేశాడు కదూ?"

"మీకెలా తెలుసు?"

"అతనెక్కడైనా అదే చేస్తాడు తల్లీ."

నిజమే, పీకేశాడు. మేడ మీద సోలార్ పలకలూ ఇన్వర్టరూ పెట్టించిన నాటినుంచీ, లీకు కనిపెట్టి కరెంటు ఆపేసే ఆ స్విచ్ పడుతూనే ఉండేది. అన్నం సగం ఉడికాక పడేది. ఇంటాయన ఆఫీసు మీటింగులో నోరు తెరవగానే పడేది.

"న్యూట్రలూ ఎర్తూ మీటర్ దగ్గర ఒకసారి కలిశాయి సార్. ఈ ఆకుపచ్చ వైరుతో ఇక్కడ మళ్లీ కలిపారు. అందుకే ఈ గొడవ. ఇక స్విచ్ పడదు" అని తేల్చి, ఒక్క కోతతో గొడవ తీర్చేశాడు మేస్త్రీ. కాఫీ ఇస్తే, "మా అమ్మ చేతి కాఫీ తప్ప నాకు దిగదమ్మా" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది ఇల్లాలు.

ముసలావిడ గేటు కడ్డీలు పట్టుకుంది.

"కరెంటు ఉన్నంతసేపూ భయం లేదట. పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే ముప్పు. ఒక లీకుంటే బయటపడదట. రెండోది తోడయ్యాక మనిషిని పట్టేస్తుంది. అప్పుడూ స్విచ్ పడదు. మా కోడలు అలాగే పోయింది, బట్టలుతుకుతూ."

మాటలు విని ఇంటాయన బయటికొచ్చాడు.

"ఇంకేం, ఆ వైరు మీ సంచిలోనే ఉందా, అమ్మకానికి?"

"వైరొక్కటే చాలదు బాబూ. కరెంటు పోగానే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ తనంతట తానే కలిపే స్విచ్చు ఉంటుందట. ఇంకెవరినైనా పిలిచి పెట్టించు. అతను వద్దు."

"అతను మీకేం అన్యాయం చేశాడు?"

ఆవిడ సంచిలోని తాళంచెవి తడుముకుంది.

ఇంటాయనకు సరదా పుట్టింది. మేస్త్రీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఏమయ్యా, నీ పని తప్పని ఒకావిడ తీర్పు చెబుతోంది."

"ఆవిడెలా ఉంటుంది సార్?"

"తెల్ల జుట్టు. గుడ్డ సంచి."

అవతల డ్రిల్లు చప్పుడు ఆగింది.

"పిచ్చిది సార్. నా వెనకే ఇల్లిల్లూ తిరుగుతోంది. గేటు వేసుకోండి."

ఆ మాట గేటు దాకా వినిపించింది. ఆవిడ సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

అయినా మర్నాడు వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. వీధి ఆవిడకి 'ఎర్తత్త' అని పేరు పెట్టింది. ఆవిడ కనబడితే చాలు, ఇంటాయన కుక్కని అదిలించినట్టు అదిలించేవాడు. ఆ అదిలింపుకి ఇల్లాలు కూడా నవ్వేది. పాపిష్టి నవ్వు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. వీధంతా కరెంటు పోయింది. ఈ ఇంట్లో మాత్రం ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఇల్లాలు చెప్పుల్లేకుండా ఇంటి పక్క సందులోకి వచ్చింది. నీళ్లు నిలిచిన గచ్చు మీద వాషింగ్ మిషన్ తిరుగుతోంది. బోరు మోటారు వైరు మట్టిలో నాని, కరెంటు పోయాకే లీకు మొదలైందని ఆమెకు తెలియదు. మిషన్ లోపలి వైరు ఎలుక కొరికిందనీ తెలియదు. దాని ప్లగ్గుకి మూడో పిన్ను విరిగిందని మాత్రం తెలుసు. నడుస్తోంది కదా అనుకుంది.

"ముట్టుకోకు తల్లీ!"

గేటు గడియ తీసుకుని పరిగెత్తుకొచ్చింది ముసలావిడ. రెండు చేతులా ఇల్లాలిని పక్కకి తోసింది. ఆ ఊపులో తానే కాలు జారి మిషన్ మీద పడింది.

ఇక లేవలేదు.

ఇల్లాలి కేక విని ఇంటాయన మెయిన్ ఆపేదాకా కరెంటు ఆవిడని వదలలేదు. ట్రిప్ స్విచ్ పడలేదు. మేస్త్రీ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు.

ఇంటాయన ముందు మేస్త్రీని పిలిచాడు, తర్వాతే పోలీసులని.

మేస్త్రీ దుప్పటి కప్పిన మనిషి వైపు చూడకుండా నేరుగా ఇన్వర్టర్ దగ్గరికెళ్లి, ఆకుపచ్చ వైరు మళ్లీ బిగించాడు. రెండుసార్లు స్క్రూ జారింది.

"ఎవరీవిడ?" అడిగాడు ఎస్సై.

"ఎవరో పిచ్చిది సార్. దొంగచాటుగా దూరి మా ఆవిడ మీద పడింది" అన్నాడు ఇంటాయన.

"నన్ను తోసింది. తోయకపోతే..." అంటూ ఇల్లాలు భర్త వైపు చూసింది. అతని కళ్లు చూసి మిగతా మాట మింగేసింది. జీవితమంతా అది గొంతులో అడ్డుపడుతూనే ఉంటుంది. పడనీ.

ఎస్సై దుప్పటి తొలగించి మేస్త్రీని పిలిచాడు.

"నీకు తెలుసా ఈమె?"

మేస్త్రీ చాలాసేపు చూశాడు. తర్వాత కొత్తగా మెరుస్తున్న ఆ వైరు వైపు చూశాడు.

"తెలియదు సార్."

శవం ఆసుపత్రికి పోయింది. గుడ్డ సంచి జీపెక్కింది.

చీకటి పడకముందే మేస్త్రీ ఇల్లు చేరాడు. తలుపుకి తాళం వేసి ఉంది.

పగలగొట్టడానికి రాయి వెతుక్కున్నాడు. ఆ ఇంట్లో ఉండేది అతనూ అతని తల్లీ ఇద్దరే, తాళంచెవి ఎప్పుడూ ఆవిడ గుడ్డ సంచిలోనే ఉంటుంది.