పొడుగు రెంచి ఎవరికి?

"నాకొద్దంటే నాకొద్దు! నువ్వే తీసుకో!" షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు పెద్దోడు.

"చచ్చినా ముట్టుకోను. అది నీదే!" చిన్నోడు అంతకంటే గట్టిగా అరిచాడు.

ఇద్దరి మధ్యా గోనెపట్టా మీద పొడుగు రెంచి పడుంది. నిలబెడితే మనిషి నడుం దాకా వస్తుంది. ఎంత మొండి నట్టయినా దానికి లొంగాల్సిందే.

లారీల రిపేరు షెడ్డు కలిసి నడుపుకునే అన్నదమ్ములు విడిపోతున్నారు. వేరుపడదామన్న మాట ఎవరు ముందన్నారో ఇద్దరికీ గుర్తు లేదు గానీ, రోడ్డవతల చిన్నోడు వేరే షెడ్డు మాత్రం చూసేసుకున్నాడు. పనిముట్లు పంచడానికి అక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. వంతులవారీగా తలా ఒకటి ఏరుకోవాలి. గంటసేపట్నించీ ఆ ఏరుకోవడం చూసి అక్కకి తల తిరిగిపోతోంది.

పెద్దోడు మొదటి వంతులోనే పిడి ఊగిపోయే సుత్తి తీసుకున్నాడు. చిన్నోడు నోరు విచ్చుకుపోయిన స్పానర్ తీసుకున్నాడు.

"ఒరేయ్, దాంతో తిప్పితే నట్టు మూలలన్నీ అరిగిపోతాయని రోజూ తిట్టేది నువ్వేగా?" అంది అక్క.

"చేతికి అలవాటైపోయిందిలే అక్కా."

పెద్దోడు పట్టు జారే ప్లయర్ లాక్కున్నాడు. చిన్నోడు మొనపోయిన స్క్రూడ్రైవర్ మీద పడ్డాడు. నిగనిగలాడే కొత్త సాకెట్ల పెట్టెని ఇద్దరూ చూడనట్టే దాటిపోయారు. చివరికి మంచివన్నీ పట్టా మీదే మిగిలాయి. వాటిల్లో పెద్దది, ఈ రెంచి.

"అన్నయ్యకి కుడి భుజం నొప్పి అక్కా. పక్కమీద అటు ఒత్తిగిల్లలేడు కూడా. పిడి ఎంత పొడుగుంటే అంత తక్కువ బలం పెట్టాలి. అది తన దగ్గరే ఉండాలి."

"నా భుజానికేం రోగం? వీడక్కడ ఒక్కడే ఉంటాడు. నట్టు పట్టేస్తే ఎవర్ని పిలుస్తాడు, గోడనా? ఒంటరిగా చేసేవాడికే పొడుగు పిడి కావాలి."

"అంటే నాకు బలం లేదంటావా?"

"నేను ముసలాణ్ణయిపోయానంటావా?"

"ఆపండెహె! చెవులు చిల్లులు పడుతున్నాయి," అంది అక్క. "ఇద్దరికీ పొట్టి స్పానరే చాలంటున్నారుగా? అదిగో, ఆ లారీ చక్రం ఎలాగూ విప్పాలి. పొట్టిదాంతో విప్పి చూపించండి. విప్పలేనివాడు నోరు మూసుకుని పొడుగుది పట్టుకుపోవాలి."

"ఏ నట్టు?"

"నాకేం తెలుసు? ఏదో ఒకటి."

పెద్దోడు లుంగీ ఎగ్గట్టి, పొట్టి స్పానర్ తగిలించి లాగాడు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. నట్టు ఉలకలేదు, పలకలేదు.

"కొంచెం కదిలింది," అన్నాడు రొప్పుతూ.

"ఏం కదల్లేదు. జరుగు." చిన్నోడు టైరుకి కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగాడు. స్పానర్ జారి వెల్లకిలా పడ్డాడు.

"ఒరేయ్, దెబ్బ తగిలిందా?" పెద్దోడు పరిగెత్తుకొచ్చి వాడి తల వెనక తడిమి చూశాడు.

"తుప్పు అన్నయ్యా. ఎన్నేళ్ళ తుప్పో!"

"నూనె కొట్టినా లాభం లేదు. లే. నీ ఎడం చెయ్యి పైకి జరుపు." పెద్దోడు ఎడమ చేత్తో తమ్ముడి చేతుల కింద పట్టు బిగించాడు. "ఊఁ అంటాను."

"అన్నాక లాగాలా, అంటుండగా లాగాలా?"

"అంటుండగా! ఇన్నేళ్ళొచ్చినా చెప్పాలిరా నీకు? ఊఁ!"

కిర్రుమంటూ నట్టు కదిలింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చిన్నపిల్లల్లా నవ్వారు.

"ఎవరు విప్పినట్టు అక్కా?" అన్నాడు చిన్నోడు.

"నన్నడుగుతావేంటి? ఇంకా ఏడున్నాయి."

రెండోది అంతే మొండికేసింది. మూడోదీ అంతే. ఇద్దరి చేతులూ పడితే గానీ ఒక్కటీ లొంగలేదు. పొడుగు రెంచిని ముట్టుకుంటే ఎక్కడ తమ వంతుకొచ్చేస్తుందోనని ఇద్దరూ దాని వంక కూడా చూడలేదు. ఎనిమిదోది ఊడేసరికి బనీన్లు పిండుకునేలా తడిసిపోయాయి. చక్రానికి చేరగిలబడి కూర్చున్నారు.

బనీను అంచుతో మొహం తుడుచుకుంటూ చిన్నోడు అన్నాడు. "అన్నయ్యా, రోడ్డవతల ఆ షెడ్డులో గాలాడదు."

"వాన పడితే నీళ్ళు కూడా లోపలికొస్తాయి."

"నీకెలా తెలుసు?"

"నువ్వు చూసుకున్న మర్నాడే వెళ్ళి చూసొచ్చాను. వెనక మూల రేకు తుప్పట్టింది. నీతో చెబుదామంటే నువ్వు మాట్లాడితేగా!"

చిన్నోడు తలొంచుకున్నాడు. లేచి, గోనెపట్టా నాలుగు మూలలూ కలిపి, మంచివీ చెడ్డవీ తేడా లేకుండా అన్నీ తీసుకెళ్ళి పాత అరలోనే గుమ్మరించాడు. పెద్దోడు పొడుగు రెంచిని గోడకున్న మేకుకి తగిలించాడు. అక్క స్టూలు పక్కకి జరిపి ఇంటికొచ్చేసింది.

ఇంట్లో భర్త మంచినీళ్ళ గ్లాసు అందిస్తే, అది ఆమె చేతిలోంచి జారిపోయింది.

"ఆ అరచేతులకి బొబ్బలేంటే?" అన్నాడాయన కంగారుగా.

"మెల్లగా! మీ బావమరుదుల చెవిన పడితే నా పని అయిపోతుంది. ముందు కాస్త మందు రాయండి," అని చేతులు చాపింది అక్క. "పొద్దున వాళ్ళు రాకముందే వెళ్ళి ఎనిమిది నట్లూ బిగించొచ్చానండీ, చేతుల్తో లాగి లాగి, అదీ చాలక ఆ పొడుగు రెంచి పిడి చివర ఎక్కి నిలబడి మరీ!"