అందిందన్నాకే

“ఏడో మంచానికి పొద్దున ఇన్సులిన్ ఇచ్చారా, లేదా? అది చెప్పండి ముందు!”

“ఇచ్చానని పదిసార్లు చెప్పాను!” మందుల గదిలో బల్లను నర్సు అరచేత్తో గట్టిగా చరిచింది. “ఈ రీడరు చేత్తో పట్టుకుని ఆవిడ చేతిపట్టీ మీద బార్‌కోడ్ గీతలకు చూపించాను, సీసా మీద గీతలకు చూపించాను. రెండుసార్లూ కుయ్యిమంది. ఆ తర్వాతే సూది వేశాను. ఇంకెలా చెప్పమంటారు?”

ఆమెకు ఒళ్లు మండిపోతోంది. ఈ అడిగేవాడు రీడర్లు అమ్మిన కంపెనీ మెకానిక్కట. ఆసుపత్రివాళ్లు ఫోను చెయ్యకముందే ఊడిపడ్డాడు. తమ సరుకు మీద మచ్చ పడకూడదని ఎంత ఆత్రమో! డ్యూటీ మారాక వచ్చిన నర్సు కంప్యూటరులో ‘ఇవ్వలేదు’ అని చూసి రెండోసారి సూది వేసింది. రాత్రే చేరిన ఆ పెద్దావిడ ఇప్పుడు షుగరు పడిపోయి స్పృహలో లేదు. సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఈమె ఉద్యోగం ఊడుతుంది. వార్డు గడప కూడా తొక్కవద్దన్నారు.

“ఇప్పుడెలా ఉందావిడకి?” అన్నాడతను.

“ఎందుకు, మీ రిపోర్టులో రాసుకోడానికా?”

అతను పళ్లు బిగించాడు. “చూడండి సిస్టర్. రీడరుని ఈ స్టాండులో పెట్టగానే, లోపలున్నదంతా చిన్నచిన్న మెరుపులుగా మార్చి ఒకదాని వెనక ఒకటి పంపుతుంది. స్టాండుకున్న కన్ను వాటిని పట్టి కంప్యూటరుకిస్తుంది. ఒక్కో విడత అందగానే కంప్యూటరు ‘అందింది’ అని జవాబు చెప్పాలి. చెప్పకపోతే రీడరు మళ్లీ పంపుతుంది. అందిందన్నాకే తుడిచేస్తుంది. దార్లో పోయే ప్రసక్తే లేదు. మీరు ఇవ్వలేదు, అంతే!”

“అయితే నేను అబద్ధాలకోరునా? ఇప్పుడే తేల్చండి, నా ఎదురుగా!”

ఆమె విసురుగా మందుల బీరువా తెరిచి యాభై సీసాలకు రీడరు చూపించి, స్టాండులో పెట్టింది. “పొద్దున నలుగురం తోసుకుంటాం ఇక్కడ. ఇదిగో, ఇలా!” అంటూ రీడరును మోచేత్తో పక్కకు నెట్టి, మళ్లీ సరిచేసింది.

రీడరు తెర మీద ‘పూర్తయింది’ అని వచ్చింది. లోపల ఖాళీ. కంప్యూటరులో ముప్పై ఏడే ఉన్నాయి.

అతను గబగబా సెట్టింగులు తెరిచాడు.

“జవాబు కోసం ఆగడం... తీసేసి ఉంది.”

“ఎవరు తీశారు?”

“నేనే. పోయిన వారం. స్టాండు దగ్గర బారులు తీరాల్సి వస్తోందని మీవాళ్లు గోల పెడితే... వేగం పెరుగుతుందని.”

“నీ వేగం తగలెయ్య!” ఆమె గొంతు వరండా అంతా వినిపించింది. “ఎన్ని ప్రాణాలతో చెలగాటమాడావో తెలుస్తోందా నీకు? పైగా నన్ను దొంగలా నిలబెట్టి అడుగుతావా?”

అతను తీసేసినదాన్ని మళ్లీ పెట్టాడు. కుర్చీలో కూలబడి, తప్పు తనదేనని కాగితం మీద రాసి, సంతకం చేసి ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఉద్యోగం నిలబడింది. కోపం మాత్రం చల్లారలేదు.

“కాగితం రాస్తే సరిపోయిందా? ఆవిడ పిల్లలకి ఏం చెప్తావు? వాళ్ల మొహం చూడగలవా?”

అంతలో ఆయా తలుపు తోసుకుని తొంగిచూసింది. “ఏడో మంచం పెద్దావిడ కొడుకుని డాక్టరుగారు వెంటనే రమ్మంటున్నారు. ఇటేమైనా వచ్చారా?”

“నేనే,” అంటూ మెకానిక్ లేచాడు.